అక్కకు చెప్పని జామతోట

హైదరాబాదులో నేను పనిచేసిన ఆఫీసు ఒక బీమా కంపెనీది. జనం ఆసుపత్రుల్లో కట్టిన బిల్లులు మా దగ్గరికి వచ్చేవి. వాటిని చదివి ఏది ఇవ్వచ్చు, ఏది ఇవ్వకూడదు అని తేల్చడం మా పని. రోజంతా రోగాల పేర్లూ, మందుల పేర్లూ. కిటికీలు తెరుచుకోని అద్దాల మేడ. నా పక్క సీటు అక్కది. సొంత అక్క కాదు. నాకన్నా బాగా పెద్దది కాబట్టి చేరిన మొదటి రోజునే అక్కా అన్నాను, అదే ఉండిపోయింది.

అక్క పుట్టిల్లు రావులపాలెం దాటాక ఏటిగట్టు మీదుగా కిందికి వెళితే వచ్చే ఒక చిన్న ఊరు. ఊరికి ఎదురుగా, గోదావరి పాయకి అవతల, లంక. ఆ లంకలో వాళ్ళ బాబాయిగారికి జామతోట ఉండేది. పుట్టింటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా అక్క సంచీ నిండా దోరజామకాయలు తెచ్చేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక కాయని బల్ల అంచుకేసి ఒక్క దెబ్బ కొట్టి, రెండు చెక్కలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టేది.

"ఇది బజారు కాయ కాదే. ఏటి ఒండ్రులో కాసింది. ముందు వాసన చూడు, తర్వాత తిను" అనేది.

తింటూ తోట గురించి చెప్పేది. తూరుపు వైపున్న చెట్టు అన్నిటికన్నా ముందు కాస్తుందట. నడిమి వరసలో ఒక చెట్టు కాయ లోపల గులాబీ రంగట. చిలకలు ఏ వేళకి దిగుతాయో, ఉడతలు ఏ కాయ కొరుకుతాయో, అన్నీ చెప్పేది. వినీ వినీ, ఆ తోటలో కళ్ళు మూసుకుని తిరగగలననిపించేది నాకు.

"రిటైరయ్యాక కాదే. ఒంట్లో ఓపికున్నప్పుడే వెళ్ళిపోవాలి. ఈ బిల్లులు చదివీ చదివీ మనక్కూడా ఏదో జబ్బు పట్టుకునేలా ఉంది" అనేది.

నాకు ఊరంటూ లేదు. నాన్నది రైల్వే ఉద్యోగం, పెరిగిందంతా క్వార్టర్లలో. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక నా అవసరం ఉన్న మనిషి ఈ భూమ్మీద ఎవరూ లేరు. అక్క తోట గురించి మాట్లాడుతుంటే నాకూ ఒక ఊరు ఉన్నట్టు ఉండేది.

ఒక కార్తీకంలో నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. రాజమండ్రిలో రైలు దిగి, బస్సులో రావులపాలెం, అక్కణ్ణుంచి గట్టు మీద ఆటో. రేవులో పడవెక్కి పాయ దాటాం. ఇసుక మేట ఎక్కగానే తోట కనబడింది. వరసలుగా, పొట్టిగా, గొడుగులు విప్పినట్టు చెట్లు. బెరడు ఊడిన చోట కొమ్మలు నున్నగా మెరుస్తున్నాయి. అక్క చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని చెట్టు చెట్టుకీ వెళ్ళి నిలబడింది. ఆఫీసులో మెడనొప్పితో తల తిప్పలేని మనిషి, పైకి చూస్తూనే నడిచింది.

బాబాయిగారు అప్పటికే బాగా పెద్దవారు. పిల్లలు లేరు.

"నావల్ల కావట్లేదమ్మా. రోజూ పడవెక్కి దిగడం కష్టంగా ఉంది. ఎవరికైనా కౌలుకి ఇచ్చేద్దామనుకుంటున్నాను" అన్నారు.

"ఎవరికో ఎందుకు బాబాయ్? మేం చేస్తాం" అంది అక్క, నా వైపు చూసి.

ఆ 'మేం'లో నేను కూడా ఉన్నానని తెలిసి నా ఒళ్ళు ఝల్లుమంది.

ఆ తర్వాత మేం మాట్లాడుకున్నదంతా దాని గురించే. బావగారు అప్పటికి ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆయన ఇంకొన్నాళ్ళు హైదరాబాదులోనే ఉండి తర్వాత వస్తారని, ముందు మేమిద్దరం వెళ్ళి గట్టు మీద ఇల్లు అద్దెకు తీసుకుంటామని అనుకున్నాం. నేను రాజీనామా ఇచ్చేశాను. అక్క మర్నాడు ఇస్తానని చెప్పి ఇంటికి వెళ్ళింది. ఆ మర్నాడు పొద్దున్నే బావగారు స్నానాల గదిలో కూలబడిపోయారు. పక్షవాతం. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది.

ఆసుపత్రి వరండాలో అక్క పక్కన కూర్చున్నాను. "నేనూ ఆగిపోతానక్కా. నువ్వు లేకుండా నాకు తోటేంటి" అన్నాను.

"నువ్వు ఆగితే ఆయన లేచి నడుస్తారా?" అంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వు వెళ్ళు. బాబాయికి మాటిచ్చాం. ఇద్దరిలో ఒకరన్నా వెళ్ళాలి కదా" అంది.

అప్పుడు నాకు కలిగింది దుఃఖం ఒక్కటే అయితే ఇదంతా రాయాల్సిన పని లేదు. దుఃఖం కలిగింది, నిజమే. కానీ వెళ్ళు అన్న మాట వినగానే గుండెల మీంచి బరువు దిగినట్టైంది. అక్క కళ్ళు తుడుచుకుంటుంటే, పక్కన కూర్చున్న నేను మనసులో సామాను సర్దుకుంటున్నాను.

ఉగాది వెళ్ళాక వచ్చేశాను. గట్టుకి లోపలి వైపు రెండు గదుల ఇల్లు దొరికింది. పక్కింట్లో ఒక పిన్నిగారు. వాళ్ళ ఆయన పాయ మీద పడవ వేస్తాడు, చేపలు పడతాడు. పిన్నిగారు ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని లూథరన్ చర్చికి వెళ్ళొస్తుంది. మొదటి రోజు నేను తాళంతో కుస్తీ పడుతుంటే, "తలుపుని కొంచెం ఎత్తి తిప్పాలండీ, అమ్మాయిగారూ" అని తనే తెరిచింది. ఆ రోజు నుంచి మా రెండిళ్ళ మధ్య గోడ ఉందన్న మాటే కానీ, గిన్నెలు దాని మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

నేను సుఖంగా ఉన్నానని రాయడానికి ఇప్పటికీ మొహమాటంగానే ఉంది. మెట్రోలో చేయి పైకెత్తి వేలాడే వేళకి ఇప్పుడు పడవలో కూర్చుని నీళ్ళలో వేళ్ళు ముంచేదాన్ని. బాబాయిగారు గొడుగేసుకుని వచ్చి ఏ కొమ్మ ఎంతవరకు కత్తిరించాలో చూపించేవారు. మధ్యాహ్నం తోటలోని పాకలో నులకమంచం మీద నిద్రపోయేదాన్ని. పగటినిద్ర అంటే ఏమిటో నడివయసులో తెలిసింది. కొన్నాళ్ళకి, పని చేస్తూ చేస్తూ నాలో నేనే ఏదో కూనిరాగం తీస్తున్నట్టు గమనించి ఆగిపోయాను. నాకు అలాంటి అలవాటు ఎప్పుడూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోను చేసేది. బావగారికి అన్నం తినిపించి, ఆయన కునుకు తీసేటప్పుడు.

మొదటి ఫోను వచ్చినప్పుడు నేను తోటలోనే ఉన్నాను. నేను రాకముందే కత్తిరించి ఉంచిన కొమ్మలన్నీ చిగురేసి, తోటంతా పూత పూసింది. తెల్లటి పువ్వులు, మధ్యలో పుప్పొడి కుచ్చులు. తేనెటీగల రొద ఎంతలా ఉందంటే, అది ఫోనులో అక్కకు వినబడుతుందేమోనని దూరంగా ఇసుక మీదికి నడిచాను. ఎందుకలా నడిచానో అప్పుడు ఆలోచించలేదు.

"ఏంటే, ఎలా ఉంది?" అంది అక్క. వెనకాల కుక్కరు కూత. బావగారు ఏదో కావాలని పిలుస్తున్నారు. ఆయనకి 'తా' అన్న ఒక్క అక్షరమే మిగిలింది. నీళ్ళకీ అదే, దుప్పటికీ అదే, అక్కకీ అదే.

"ఏముందక్కా. ఎండ. దోమలు. చేతులన్నీ గీసుకుపోయాయి" అన్నాను.

ఎండ ఉంది. దోమలున్నాయి. చేతులు గీసుకుపోయాయి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. పూత మాట మాత్రం చెప్పలేదు.

"అయ్యో" అంది. ఆ గొంతులో ఏదో సడలినట్టు అనిపించింది నాకు. పోన్లే, తను పోగొట్టుకున్నది అంత గొప్పదేమీ కాదని సర్దుకుంటుందిలే అనుకున్నాను. నేను చేసింది మంచిపనే అనిపించింది.

ఒకసారి మంచిపని అనుకున్నాక దాన్ని పెంచుకుంటూ పోవడం తేలికైంది. మోటారు కాలిపోయిందని చెప్పాను. కాలింది ఒక వైరు. పాములు తిరుగుతున్నాయని చెప్పాను. కనబడింది విషం లేని ఒక నీరుకట్టు పాము, అది నన్ను చూసి పారిపోయింది. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం.

కాయ మొదలయ్యాక ఒక ఆదివారం అక్క అడిగింది. "తూరుపు చెట్టు కాసి ఉండాలే ఈపాటికి. అది ముందు కాస్తుంది. చూశావా?"

అప్పుడు నా నోట్లో ఉన్నది ఆ చెట్టు కాయ ముక్కే. నమలడం ఆపాను. "లేదక్కా. ఆ చెట్టు ఎండిపోయేలా ఉంది" అన్నాను.

"నాన్న పాతిన చెట్టది" అంది. "బాబాయి తోట వేసేటప్పుడు మొదటి మొక్క నాన్న చేత పెట్టించాడు. నీకెప్పుడూ చెప్పలేదు కదూ."

ఫోను పెట్టేశాక మిగిలిన కాయ తినలేకపోయాను. మళ్ళీ ఫోను చేసి, లేదక్కా, చెట్టు నిండా కాయలున్నాయి, కొమ్మలు వంగిపోతున్నాయి అని చెప్పాలి. చెప్పాలంటే అన్నాళ్ళుగా ఎందుకు అలా మాట్లాడానో కూడా చెప్పాలి. వచ్చే ఆదివారం చెబుదాంలే అనుకున్నాను.

వచ్చే ఆదివారం ఇంకోటి చెప్పాను. "మనుషులైనా పలకరిస్తున్నారా?" అని అక్క అడిగింది. "ఏదోలే అక్కా. బయటిదాన్ని కదా" అన్నాను. ఆ పొద్దున్నే చర్చికి వెళ్తూ పిన్నిగారు నా గుమ్మంలో దిబ్బరొట్టె పెట్టి వెళ్ళింది. తెల్లచీర మీద మసి పడకుండా గిన్నెని దూరంగా పట్టుకుని నడిచి వచ్చిన తీరు నా కళ్ళముందే ఉంది. ఆ రొట్టె కడుపులో ఉండగానే ఆ మాట అన్నాను.

శ్రావణంలో గోదావరికి వరద వచ్చింది. పైన ఎక్కడో కురిసిన వానలకి ఇక్కడ నీళ్ళు ఎర్రబడి, రోజురోజుకీ గట్టు ఎక్కసాగాయి. ప్రమాద హెచ్చరికలు జారీ చేశారు, పడవలు ఆపేశారు. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంటే నేనూ నిలబడ్డాను. ముందు ఇసుక మేట మునిగింది. తర్వాత చెట్ల మొదళ్ళు. ఆఖరికి ఆకుల గుబుర్లు మాత్రం నీళ్ళ మీద బోర్లించిన బుట్టల్లా కనబడ్డాయి. పాక ఎప్పుడు కొట్టుకుపోయిందో నేను చూడనే లేదు. పిన్నిగారు నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే తోటంతా ఒండ్రు. మోకాలి దాకా దిగబడేది. కాయలన్నీ రాలి కుళ్ళిపోయాయి. నులకమంచం ఎక్కడికి పోయిందో తెలియదు. బురదలో కూర్చుని ఏడ్చాను.

ఆ ఆదివారం అక్కకి అన్నీ చెప్పాను. నీళ్ళు ఎంత వచ్చాయో, వాసన ఎలా ఉందో, ఎంత ఏడ్చానో. మాటలు వాటంతటవే వస్తున్నాయి. చెబుతుంటే తెలిసింది, ఎన్నో వారాల తర్వాత నేను నిజం మాట్లాడుతున్నాను. తోట మునిగిపోయిన బాధ కన్నా ఆ ఊరటే ఎక్కువగా ఉంది. ఒక నిజమైన కష్టం దొరికిందని లోలోపల సంతోషించాను. ఆ వరదకే పక్క లంకలో ఒకాయన గేదెలు కొట్టుకుపోయాయి. అది తెలిసి కూడా సంతోషించాను.

అక్క ఫోనులో వెక్కివెక్కి ఏడ్చింది. "నేనే కదే నిన్ను అక్కడికి తోలింది. చక్కగా సీట్లో కూర్చుని పనిచేసుకునేదానివి. కబుర్లు చెప్పి, కాయలు తినిపించి, అడివి పాలు చేశాను" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. "నీదేం తప్పక్కా" అని మాత్రం అన్నాను.

బాబాయిగారు ధైర్యం చెప్పారు. వరద నీళ్ళు తొందరగా తీసేశాయి కాబట్టి చెట్లకి ఢోకా లేదని, ఒండ్రు చెట్లకి బలమని అన్నారు. ఆయన అన్నట్టే జరిగింది. వాన వెలిశాక చెట్లు కొత్త చిగుళ్ళు వేశాయి. నేను అంతకు ముందు చూడనంత పూత వచ్చింది. పిన్నిగారి ఆయన, ఇంకో ఇద్దరు కలిసి పాక మళ్ళీ వేసిపెట్టారు. మాఘం వచ్చేసరికి కొమ్మలు విరగకుండా వెదురు గెడలు పోటు పెట్టాల్సి వచ్చింది. అక్కకి మాత్రం, ఏదో కోలుకుంటున్నాయని చెప్పేదాన్ని. పక్కింటివాళ్ళు కూడా పలకరించట్లేదని ఒక ఆదివారం నోరు జారాను.

ఒక సాయంత్రం బాబాయిగారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మామూలుగా తోట దగ్గరికే వస్తారు కానీ ఇంటికి రారు. మంచినీళ్ళిచ్చాను. తాగకుండా గ్లాసు పక్కన పెట్టారు.

"అమ్మాయ్, మా ఊళ్ళో నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా?" అన్నారు.

"లేదండీ. ఎందుకలా అడుగుతున్నారు?"

"నిన్న ఫోను చేసి నన్ను నానా మాటలూ అంది, మీ అక్క. నమ్మి పంపిస్తే పిల్లని ఒంటరిదాన్ని చేశారట. పలకరించే దిక్కు లేదట. పక్కింటివాళ్ళు కూడా మాట్లాడట్లేదట."

గోడ అవతల పిన్నిగారు అంట్లు తోముతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. తడిచేతులతో గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నావల్ల ఏదన్నా తప్పు జరిగిందాండీ, అమ్మాయిగారూ?" అంది. మొహం పాలిపోయింది. "మొన్న పంపు కాడ కేకలేశాను, ఆయ్, నిజమేనండి. అది మా ఆయన్నండీ, మిమ్మల్ని కాదండి. మీరు అటే వత్తన్నారు, మిమ్మల్నే అన్నాననుకున్నారేమోనండి."

తను చేయని తప్పు కోసం ఆవిడ జ్ఞాపకాలన్నీ వెతుక్కుంటోంది.

"మీరేమీ అనలేదు పిన్నిగారూ. ఎవరూ ఏమీ అనలేదు. నేనే అక్కతో అలా చెప్పాను" అన్నాను.

"ఎందుకండీ?"

ఆయన తాగని గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. బాబాయిగారు నా వంక కాసేపు చూశారు. "బాగుందని చెబితే అది బాధపడుతుందని చెప్పావా?" అన్నారు. తలూపాను.

"వెంటనే చెప్పెయ్యమ్మా. అది చిన్నప్పట్నించీ ఇంతే, ఎంత కొట్టినా ఏడవదు కానీ, అబద్ధం చెబితే మాత్రం ఊరుకోదు" అని లేచి వెళ్ళిపోయారు. పిన్నిగారు లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి గోడ మీద గిన్నె రాలేదు.

ఆదివారం ఫోను వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. శనివారమే అక్క వచ్చేసింది.

నేను తోటలో కాయలు కోస్తున్నాను. రేవు వైపు చూస్తే పడవలో ఒడిలో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉంది. ఆఫీసుకి కట్టే చీర. పడవ దగ్గరికి వచ్చేదాకా గుర్తుపట్టలేదు. చూసి ఏడాదైనా కాలేదు, జుట్టు ముందువైపంతా నెరిసిపోయింది. బావగారిని ఆయన చెల్లెలికి అప్పగించి, రాత్రి రైలెక్కి వచ్చిందట.

పడవ దిగకుండానే మొదలుపెట్టింది. "సామాను సర్దుకో. నీ సీటు గురించి మాట్లాడొచ్చాను. మేనేజరు ఒప్పుకోనంటే బతిమాలాను. సోమవారం చేరిపోవచ్చు. బాబాయికి నేను చెప్పుకుంటాను, నువ్వేం…"

అంటూ ఇసుక ఎక్కింది. తల ఎత్తింది. ఆగిపోయింది.

తోట అంతా ఎదురుగా ఉంది. ప్రతి కొమ్మకీ కాయే. పచ్చగా కొన్ని, పసుపు తిరుగుతూ కొన్ని. చెట్ల కింద కోసి పెట్టిన గంపలు. చిలకలు ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి అరుచుకుంటూ పోతున్నాయి. మధ్యలో నేను, ఎండకి నల్లబడి, పైట నడుముకి చుట్టి, మునుపటి కన్నా ఆరోగ్యంగా నిలబడి ఉన్నాను.

అక్క హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. నేరుగా తూరుపు చెట్టు దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. గెడ పోటు పెట్టిన కొమ్మని ఒకసారి ఒత్తి చూసింది. ఒక కాయ కోసింది. కొంగుతో తుడిచి, నిలబడే తిన్నది, గింజలతో సహా, మొత్తం. తినేటంతసేపూ కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

"ఎండిపోయిందన్నావు" అంది.

"అక్కా, నువ్వు బాధపడతావని…"

"బాధపడితే పడేదాన్ని. ఆ ఇంట్లో ఇంకేం చేస్తున్నాననుకున్నావే?" గొంతు పెంచింది. పడవ దగ్గర పిన్నిగారి ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. "నీ క్షేమసమాచారాల కోసం చేసేదాన్ననుకున్నావా ఫోను? వారమంతా ఆయన్ని ఎత్తడం, దించడం, తుడవడం, మధ్యలో ఆఫీసు. ఆ ఒక్క గంటా ఈ తోటలో తిరిగొద్దామని చేసేదాన్ని. నువ్వు తిప్పుతావని చేసేదాన్ని. చేసిన ప్రతిసారీ నన్ను తీసుకెళ్ళి బురదలో నిలబెట్టావు."

నేను వెదురు గెడ పట్టుకుని నిలబడ్డాను.

"నాన్న చెట్టు పోయిందనుకున్నాను. మీ బావగారికి కూడా చెప్పుకుని ఏడ్చాను. పాపం, మాట రాని మనిషి, ఎడమ చెయ్యి నా తల మీద పెట్టాడు" అంది.

అక్క మీద జాలితో అలా చేశానని అన్నాళ్ళూ అనుకున్నాను. ఆ చెట్టు కింద నిలబడితే అది కూడా పూర్తి నిజం కాదని తెలిసింది. తోట బాగుందని చెబితే, మరి నాకు రావాల్సింది నీకెలా దక్కిందని అక్క అడుగుతుందేమోనని భయం. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడిగే మనిషి కాదు. అయినా నేను ముందే తలుపు గడియ పెట్టుకున్నాను.

"తప్పైందక్కా" అన్నాను.

"అయింది" అంది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

తర్వాత తనే గట్టు మీదికి వెళ్ళి, నోరు జారానని బాబాయిగారికి చెప్పుకుంది. పిన్నిగారింటికి వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుంది. "తెలియక ఏదో వాగానమ్మా, ఏమీ అనుకోకు" అంటోంది. "అయ్యో, పర్లేదండీ, ముందు కూర్చోండి, అన్నం తిని వెళ్ళాలండీ" అంటోంది పిన్నిగారు. అక్క వాళ్ళ వంటింటి గడప మీద కూర్చుని చేపల పులుసుతో అన్నం తిన్నది. ఏదో చిన్ననాటి సంగతి చెప్పి నవ్వింది, పిన్నిగారూ నవ్వింది. నేను గోడ ఇవతల నిలబడి వింటున్నాను. రమ్మని ఎవరూ పిలవలేదు, నాకు నేనుగా వెళ్ళే మొహం లేదు.

సాయంత్రం బస్సుకి బయల్దేరింది. నేను ఏరి ఏరి నింపిన బుట్ట తీసుకోలేదు. "మోయలేనే" అంది. తూరుపు చెట్టు కింద తను కోసుకున్నవి మాత్రం హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. జిప్పు పట్టక తెరిచే ఉంచేసింది.

ఆ ఆదివారం ఫోను రాలేదు. తర్వాత ఆదివారమూ రాలేదు. నేను చేస్తే బావగారి చెల్లెలు తీసి, వదిన పనిలో ఉందని చెప్పింది. పిన్నిగారు మాత్రం నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడడం మొదలుపెట్టింది. కాకపోతే కొన్నాళ్ళపాటు గిన్నె ఇచ్చేటప్పుడు, "ఉప్పు సరిపోయిందాండీ? నిజం చెప్పండి" అనేది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు అర్థమయ్యేది కాదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"చెప్పు" అంది అక్క. ఇంకే పలకరింపూ లేదు.

తూరుపు వైపు నుంచి మొదలుపెట్టాను. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, ఏది పూసిందో, ఏది పిందె వేసిందో, దేనికి ఆకు ముడత వచ్చిందో, నడిమి వరసలో గులాబీ రంగు చెట్టుకి ఏ కొమ్మ కత్తిరించానో చెప్పుకుంటూ నడిచాను. తేనెటీగల దగ్గర ఫోను ఎత్తి పట్టుకున్నాను. అక్క ఊఁ కొడుతూ వింది. చివరి వరసకి వచ్చేసరికి, "ఆగు, ఆయనకి వినిపిస్తాను" అని ఫోను బావగారి చెవి దగ్గర పెట్టింది. "తా" అన్నారు ఆయన. ఆ పిలుపు ఎవరికో నాకు తెలియదు.

అప్పట్నించీ ప్రతి ఆదివారం అలాగే నడుస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. బాగున్నప్పుడు బాగుందని చెప్పడం మొదట్లో ఎంత కష్టమయ్యేదో. అక్క అవతల నిట్టూరిస్తే నాకు గుండె కలుక్కుమనేది. ఇప్పటికీ అంటుంది.

మొన్నటి ఆదివారం అక్క ఒక మాట చెప్పింది. బావగారు కర్ర పట్టుకుని గేటు దాకా నడుస్తున్నారట. ప్రయాణం చేయించవచ్చని డాక్టరు అన్నాడట. "నీ ఇంట్లో రెండో గది ఖాళీగానే ఉందా?" అని అడిగింది.

ఇన్నాళ్ళూ నేను ఎదురుచూడాల్సిన మాట అది. ఎదురుచూస్తున్నాననే అనుకున్నాను కూడా. కానీ విన్న క్షణాన నాకు తోచింది, ఆ గదిలో పెట్టుకుంటున్న గంపలన్నీ ఎక్కడ సర్దాలి అని. ఆ వెంటనే, అక్క వస్తే తోట ఎవరిదవుతుంది అని. కౌలు నా పేరున ఉంది. చెట్టు చెట్టూ నా చేతిమీద పెరుగుతోంది. కానీ అక్క వచ్చి చెప్పులు విడిచి అడుగు పెట్టిందంటే అది ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఉందక్కా" అన్నాను. అన్నాను కానీ, ఆలస్యంగా అన్నాను.

అవతల నుంచి ఏమీ వినబడలేదు.

"సిగ్నల్ సరిగ్గా లేదక్కా" అన్నాను.

"బాగానే ఉంది" అంది అక్క.

మర్నాడు గది ఖాళీ చేసి గంపలన్నీ అరుగు మీదికి మార్చాను. పిన్నిగారు వచ్చి సాయం పట్టింది. "అక్కగారు ఎప్పుడొత్తారండీ?" అని అడిగింది. తెలియదన్నాను. అది నిజమే. ఎప్పుడో అక్క చెప్పలేదు. నేనూ రెట్టించి అడగలేదు.